ఇంజను రాట్నం వచ్చిన ఏడు

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక మా మనవడు సన్నీ, వాడి ముగ్గురు స్నేహితులు ఒకే ఫోను మీద తలకాయలు పెట్టి కూర్చున్నారు. ఏదో పార్కులో కొత్త రోలర్ కోస్టరు కడతామని ఆ పొద్దునే ప్రకటించారంట. ఫోన్లో కనపడేది బొమ్మే, నిజం బండి కాదు. ఆ బొమ్మ బండి నీలం పట్టాల మీద కొండంత ఎత్తుకి ఎక్కి, తలకిందులై, నిలువునా కిందకి పడుద్ది. పడ్డప్పుడల్లా నలుగురూ కేకలు పెడతారు, మళ్ళీ మొదటి నుంచి చూస్తారు. ముందు సీటు మేలని ఒకడు, వెనక సీటైతేనే కడుపులో పేగులు కదులుతాయని సన్నీ. ఉన్న పాత కోస్టరు పీకేస్తారని ఇంకొకడు అలిగి పకోడీలు కూడా ముట్టలేదు. కూర్చున్నారే గాని ఒక్కడి కాలు కూడా నేల మీద నిలవడం లేదు.

"ఇంకా గుంట కూడా తియ్యలేదు గదరా, అప్పుడే సీట్ల కోసం కొట్టుకు చస్తారేంది?" అన్నాను.

"నీకు తెలవదులే నాయనమ్మా" అన్నాడు సన్నీ.

తెలవకేం. నా కాళ్ళు కూడా ఒక ఏడు అట్టాగే నిలవలేదు.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. మంచు తగ్గి ఎండ చురుక్కుమనే రోజుల్లో మిరప కోతలు మొదలయ్యేవి. పిల్లా జెల్లా అందరం చేలల్లోనే. నడుముకి ఒడి కట్టుకుని, వంగినవాళ్ళం వంగినట్టే సాలు వెంట పోతుంటే, కోసిన కాయ ఒళ్ళో నిండి పొట్ట ముందుకి వచ్చేది. కల్లంలో ఎండబోసిన కాయ ఘాటుకి తుమ్ములు, దగ్గులు, వాటి మధ్యలోనే ఆడవాళ్ళ పరాచికాలు. రాత్రికి చేతులు మండిపోతుంటే మా అమ్మ పుల్ల మజ్జిగలో ముంచి ఉంచేది, పొద్దున కోతకి పోబోయేముందు ఆముదం రాసేది. నాకు కళ్ళు మెత్తన, ఘాటు తగిలితే చాలు బొటబొటా కారేవి. అందుకని మా కోత ముఠాలో పిల్లలంతా నన్ను ఏడుపుగొట్టు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా పక్కింటి యేసోబు. నా కంటే ఒక చలికాలం పెద్దోడేమో, అంతే, కానీ పెత్తనం ముఠా మేస్త్రీని మించి చేసేవాడు.

ఒకరోజు మైకు కట్టిన రిక్షా చేల గట్టున పోతా, శివరాత్రి తిరనాళ్ళకి ఇంజనుతో తిరిగే ఇనప జాయింటు వీలు వస్తోందని అరిచి, గులాబి రంగు కాయితాలు విసిరేసి పోయింది. అప్పటిదాకా మేమెరిగింది నాలుగు పెట్టెల చెక్క రాట్నం, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు, అవి వచ్చింది పిల్లల తల్లినయ్యాక. కాయితం మీద బొమ్మ మాత్రం చూశాను, తాడిచెట్టు మీద కూర్చున్నట్టున్నారు జనం. ఇక ఆ రోజు నుంచి కోత కోత కాదు. పెట్టె బోర్లా పడుద్దని ఒకరు, అన్నం తిని ఎక్కితే ప్రమాదమని ఒకరు, చెక్క రాట్నమే నిజమైన రాట్నమని ఒక మొండి పిల్ల. ధ్యాస అటుండి పచ్చికాయ తెంపితే మేస్త్రీ చేతి దెబ్బ వీపున పడేది. సాయంత్రం ఎద్దులు విప్పిన బండి వెనక వేలాడి, కాడి గాల్లోకి లేపి, దబ్బున దించుకుంటా సాధన చేసేవాళ్ళం.

"ఒసే రూతూ, పైకి పోయాక నువ్వు ఏడవకపోతే ఇంక నిన్ను ఆ పేరుతో పిలవను, పో" అన్నాడు యేసోబు, అందరి ముందు.

నాకదే కావాలి. దేవుడి మీద ఒట్టేసి ఒప్పుకున్నాను.

మా అమ్మ చర్చి తప్పని మనిషే, అయినా "రాట్నానికి మతమేందే" అని తనే తీసుకుపోయింది. ఆ పూట చుట్టుపక్కల ఊళ్ళ కూలోళ్ళంతా కోత ముగించి ఉన్నపళంగా వచ్చారు. జీళ్ళ పాకం వాసన, బజ్జీల నూనె వాసన, వీటన్నిటి మీద ఇంజను పొగ. పెట్టెలో కూర్చుని ఎదర ఇనప కడ్డీ పట్టుకున్నాను. యేసోబు నా కింద పెట్టెలో ఉన్నాడు.

పైకి పోయాక చక్రం కాసేపు ఆగింది. భయం వెయ్యలేదు, ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. రోజంతా వంగి చూసే చేలని మొదటిసారి పైనుంచి చూశాను. నల్లటి నేల మీద ఎక్కడెక్కడివో కల్లాలు, చీరలు ఆరేసినట్టు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కిందకి చూస్తే యేసోబు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని కడ్డీని కావిలించుకుని ఉన్నాడు. నవ్వొచ్చింది. అంతలో గాలికి కంట్లో నలక పడితే చేత్తో తుడిచాను.

అంతే, కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. మా చేతుల కారం, మాకు ముందు ఎక్కిన కూలోళ్ళందరి చేతుల కారం, అంతా ఆ కడ్డీ మీదే ఉంది. నేనే కాదు, తెల్ల పంచె కట్టిన మోతుబరి ఒకాయన కూడా కళ్ళు నలుపుకుంటా బొటబొటా కన్నీళ్ళతో దిగాడు. కారం అని నేను మొత్తుకుంటే ఒక్కరికీ రుచించలేదు. "అంత పెద్దమనిషి ఏడ్చాడంటే ఇది మామూలు రాట్నం కాదురోయ్" అని జనం ఇంకా ఎగబడ్డారు. రాట్నమోడు కూడా తెలివిగా మైకు అందుకుని, గుండె ధైర్యం ఉన్నోళ్ళే ఎక్కమన్నాడు.

"ఏడ్చింది! ఏడ్చింది!" అని యేసోబు గంతులేశాడు. కళ్ళు మూసుకున్నోడికి నలక పడదు, తుడుచుకునే పనీ ఉండదు గదా.

"నువ్వు కళ్ళు మూసుకోలా?" అన్నాను.

"మూసుకున్నా ఏడవలా" అన్నాడు.

మా అమ్మ పైట చెంగుని నోటి ఆవిరితో వెచ్చజేసి నా కళ్ళకి అద్దింది. "ఇంకోసారి ఎక్కుతానే" అని నేను కాళ్ళు నేలకేసి కొట్టాను. వచ్చే ఏడంది. ఆ మరుసటేడు రాట్నం మా వైపు రానేలేదు.

ఇప్పుడా తిరనాళ్ళు జరిగిన చేలో ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. కల్లాల మీద టార్పాలిన్లు, కాయ ఎండీ ఎండకముందే లారీలు కోల్డు స్టోరేజీకి తోలుకుపోతున్నాయి. ఆ ముఠాలో పిల్లలు ఒక్కొక్కరే రాలిపోయారు. యేసోబు మాత్రం మొన్నమొన్నటి దాకా, గుంటూరు బస్టాండులో కనపడ్డా సరే, అంత జనంలో "ఏమే ఏడుపుగొట్టూ" అని కేకేసేవాడు. కారం అని చెబితే తల అడ్డంగా తిప్పేవాడు. పోయిన ఏడు కోతలప్పుడు మంచం పట్టాడని చూడపోయాను. అది కారమేనని ఇప్పటికైనా ఒప్పుకోరా అన్నాను. నవ్వాడే గాని ఒప్పుకోలా. ఆ వారమే పోయాడు.

సన్నీ తల ఎత్తి, "నాయనమ్మా, నువ్వెప్పుడైనా ఎక్కావా? భయమేసిందా?" అని అడిగాడు.

ఎక్కాను, భయం మాత్రం వెయ్యలేదన్నాను. వాడు వెంటనే నమ్మేశాడు, మళ్ళీ ఫోన్లోకి తల దూర్చాడు. యేసోబులా కాదనకుండా అంత తేలిగ్గా నమ్మితే ఏం చేసుకోను? కుర్చీలో కూర్చోబుద్ధి కాక లేచి, వాకిట్లోకి పోయి, అటూ ఇటూ తిరిగాను.