తూర్పు గట్టు ఆనుకున్న చేను

2001 జూన్‌లో నాకు అమలాపురం బదిలీ అయింది. అప్పుడు నేను గ్రామీణ నీటి సరఫరా విభాగంలో సహాయ ఇంజనీరుని. ఉప్పలగుప్తం వైపు కొన్ని ఊళ్ల మంచినీటి చెరువులు నా పరిధిలోకి వచ్చాయి. సముద్రం దగ్గరి ఆ ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. అందుకని కాలువ నీటిని చెరువులో నింపి, ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, ట్యాంకుకు ఎక్కిస్తాం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి.

వాటిలో ఒక ఊరి చెరువు గట్టు మంచి వెడల్పు. లారీల భయంతో రోడ్డు మీద నడవలేకపోతున్నాం, గట్టు మీద బాట వేసిపెట్టమని ఊరి ఆడవాళ్లు అడిగారు. నీటి వైపు కంచె వేసి, కంచెకు బయట గ్రావెల్ పరిచి రోలరు తిప్పించాం. తూర్పున మాత్రం గట్టు సన్నం. దాన్ని ఆనుకున్న చేను సూర్యనారాయణ గారిది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత స్థలం ఆయన తన చేనులోంచి ఇచ్చారు. ఆయన భార్య రత్నం గారికి షుగరు. రోజూ నడవాలని డాక్టరు చెప్పాడట.

బాట చదునుగా ఉండేది. చంటిపిల్లల తల్లులూ, కర్ర పట్టుకున్న పెద్దవాళ్లూ కూడా ఆయాసం లేకుండా చుట్టు తిరిగి వచ్చేవారు. ఎవరూ చెప్పకుండానే, ప్రదక్షిణ చేస్తున్నట్టు, అందరూ చెరువును కుడిచేతి వైపు ఉంచుకుని నడిచేవారు. అలా నడిస్తే ఎవరూ ఎదురుపడరు. వెనకవాళ్లు వచ్చి కలిస్తే కబుర్లు పెరుగుతాయి. ఒక సాయంత్రం నేను తనిఖీకి వెళితే రత్నం గారు వెనకనుంచి కేకేశారు.

"ఏవండీ ఇంజనీరుగారూ, బాటేసింది మీరు, నడిచేది మేమూనా? రండి, ఓ చుట్టు తిరుగుదురుగాని."

సూర్యనారాయణ గారు నవ్వి, "వద్దులెండి, ఈవిడతో నడిస్తే కాళ్లకన్నా ముందు చెవులు నొప్పెడతాయండి" అన్నారు.

"ఆయ్, ఈయన సంగతి చెప్పమంటారా? రెండు చుట్లు తిరిగి, గేటు దగ్గర బండి మీద ప్లేటు పుణుకులు లాగించేస్తారండి. షుగరేమో నాకొచ్చింది!"

రెండేళ్లు అలా గడిచాయి. ఈలోగా సూర్యనారాయణ గారి చేనుకు అవతల ఉన్న రెండు చేలు రొయ్యల చెరువులయ్యాయి. రొయ్యల కోసం, సముద్రపు పోటుకు మురుగు కాలువలోకి ఎక్కే ఉప్పునీరు తోడి పెడతారు. ఆ ఊట ఆయన చేనులోకి దిగి, వరుసగా రెండు పంటలు గింజ పట్టక తాలుపోయాయి. ఆ తరువాత ఆయన నాట్లు వేయలేదు. చేను తవ్వించి తానూ రొయ్యపిల్లలను వదిలారు. ఉప్పునీటికీ ఊరి మంచినీటికీ మధ్య ఇక మిగిలింది మేం నడిచే గట్టు ఒక్కటే.

తూర్పు వాలు మీద గరిక ఎండి తెల్లటి పొర కడుతోందని నడిచేవాళ్లే నాకు చెప్పారు. నీటి నమూనా ల్యాబుకు పంపాను. ఉప్పు పెరిగింది గాని, ఇంకా తాగదగిన హద్దులోనే ఉంది. చెరువు నిండుగా ఉన్నంతకాలం ఆ నీటి ఒత్తిడి బయటి ఉప్పును పెద్దగా రానివ్వదు. వేసవిలో మట్టం తగ్గితే ఊట లోపలికి తిరుగుతుంది. కాబట్టి కాలువలు కట్టేసేలోగా రొయ్యల చెరువు ఖాళీ చేయించాలని నివేదిక రాసి, డిప్యూటీ ఇంజనీరు ద్వారా పంపాను. నోటీసు ఇవ్వవలసింది ఎమ్మార్వో. అది అందకముందే నేను వెళ్లి సూర్యనారాయణ గారితో మాట్లాడాను.

ఆయన గట్టు మీద నిలబడి అంతా విన్నారు. "వరి పండితే నాకీ తిప్పలెందుకండీ? నా అంతట నేను రొయ్య వెయ్యలేదండి, ఆ ఉప్పు వేయించింది. ఒక్క నెల ఆగండి. రొయ్య పట్టుబడి కాగానే నా చేత్తో నేనే ఖాళీ చేసేస్తాను."

రొయ్య అప్పటికి వేలెడంత కూడా లేదు. అప్పుడే పట్టి అమ్మితే మేత ఖర్చు కూడా రాదు. ఆ నెలలోనే కాలువలు కట్టేస్తారని చెప్పాను. తెలుసునన్నారు. పక్కనే ఉన్న రత్నం గారు ఆయన వైపు తిరిగి, "ఏవండీ, మనం తాగేదీ ఆ నీళ్లేగా" అన్నారు.

నోటీసు వచ్చింది. సంజాయిషీకి గడువు ఇవ్వడం నిబంధన. ఆయన దాన్ని వాడుకున్నారు. కాలువలు కట్టేశారు. అన్న మాట ప్రకారం పట్టుబడి కాగానే రొయ్యల చెరువు ఖాళీ చేశారు గాని, అప్పటికే మంచినీటి చెరువులో మట్టం బాగా దిగి, ఉప్పు ఊట లోపలికి వచ్చేసింది. ఆ వేసవి ఊరికి ట్యాంకర్లతో నీళ్లు తోలించాం. బాట మీద ఒకావిడ రత్నం గారికి వినపడేలా, "పొద్దున్న టీ పెడితే పాలు విరిగిపోయేయండి, మీవారి పుణ్యమా అని" అంది. తరువాత కొన్నాళ్లు రత్నం గారు చెరువును ఎడమచేతి వైపు ఉంచుకుని, అందరికీ ఎదురుగా, ఒక్కరే నడిచారు. అలా అయితే ఎవరి పక్కనా నడవనక్కరలేదు. ఎదురైనవాళ్లు క్షణంలో దాటిపోతారు. చివరికి రావడమే మానేశారు.

వానాకాలం నాట్లు వేశాక సూర్యనారాయణ గారు మా ఆఫీసుకు వచ్చారు. ఊడ్చిన నారు ఎర్రబడుతోందట. ఉప్పు పోవడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. మంచినీరు నిలబెట్టి తీస్తూ ఉంటే కొన్నేళ్లకు పోతుందన్నాను.

"మరి పక్కనున్న ఆ రెండు చెరువులూ ఉండగానాండీ?"

అవి ఉండగా పోదని చెప్పాను. మంచినీటి చెరువుకు ఇంత దూరం లోపల రొయ్యల చెరువు ఉండకూడదని నిబంధన; ఆ రెండూ ఆ హద్దుకు అవతల ఉన్నాయి. వాటికి నోటీసు రాలేదు. బాటకు స్థలమిచ్చిన మనిషికే వచ్చింది.

"ఆయ్, అర్థమైందండి" అని ఆయన లేచి వెళ్లిపోయారు.

ఊరికి తరువాత గోదావరి నుంచి పైపులైను వేశారు. ఆ చెరువు నీళ్లు మళ్లీ ఎవరూ తాగలేదు. సూర్యనారాయణ గారి పంట తాలుపోయినప్పుడే ఆ సంగతి వ్యవసాయాధికారి దగ్గర నమోదైంది. చెరువులో నీటి సంగతి నా దగ్గర ఉంది. ఆ రెండింటినీ కలిపి చూడటం ఎవరి విధుల్లోనూ లేదు. తరువాతి పోస్టింగుల్లో నేను ఏ మంచినీటి చెరువుకు వెళ్లినా, నీటి నమూనా తీసేముందు చుట్టుపక్కల ఏ చేను తాలుపోయిందో రైతులను అడిగేవాణ్ణి.