రాయదుర్గంలో కుట్టిన తెరచాప

మా నాయన రాయదుర్గంలో జీన్స్ కుట్టించేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పెద్ద కంపెనీల పేరుతో దొంగ ప్యాంట్లు కుడుతున్నారని మా వీధిలో దాడులు జరిగాయి. అప్పటినుంచి కొత్త మనిషి ఎవరొచ్చినా నాయనకు అనుమానమే.

అలాంటి రోజుల్లో, బళ్ళారిలో పుట్టి బొంబాయిలో స్థిరపడిన ఒక పెద్దాయన వచ్చాడు. చిరిగిన తెరచాప ఒకటి, తెల్లటి బిరుసు గుడ్డ ఒక తాను తెచ్చాడు. పందెం పడవకట. తనకు కుట్టిచ్చే మనిషి చనిపోయాడట.

"అచ్చం ఇట్లనే కుట్టాల. తేడా రాకూడదు," అన్నాడు.

ఆ 'అచ్చం' అన్న మాటకే నాయన ముఖం మారింది.

"రవంత వెడల్పు పెడితే గాలి ఎక్కువ పడతాది గదప్పా?"

"వద్దు. మా తాతల కాలం పడవలివి. అన్నిటికీ ఒకటే కొలత. తేడా వస్తే పందెంలో నుంచి తీసేస్తారు."

ఆయన వెళ్లాక నాయన నాతో అన్నాడు: "చెరువులో నీళ్లు లేని ఊరికి పడవ పని తెచ్చినాడంటే ఏదో ఉండాదమ్మా."

కుట్టించాడు గాని పార్సిల్ వెయ్యలేదు. హిందీ వచ్చని నన్ను వెంటబెట్టుకుని తానే బొంబాయి రైలెక్కాడు.

రేవులో ఒకే రకం పడవలు బారుగా ఉన్నాయి. ఒకతను టేపు పట్టి మా తెరచాపను కొలుస్తుంటే నాయన కదలకుండా చూశాడు. కొలత సరిపోయింది. పందెంలో పెద్దాయన పడవ బాగా పక్కకు ఒరిగింది.

"మునుగుతాది," అంటూ నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

మునగలేదు గాని వెనకబడింది. పెద్దాయన నవ్వుతూ ఒడ్డుకొచ్చి నాయనను ఎక్కమన్నాడు. అడుగున బరువైన ఇనుప రెక్క ఉంటుందనీ, అందుకే బోల్తా పడదనీ చెప్పాడు. నాయన నమ్మలేదు. మరమ్మతుకని గట్టుమీద ఎత్తిపెట్టిన అలాంటి పడవ దగ్గరికి పోయి, వంగి, ఆ రెక్కను తాళంచెవితో కొట్టి చూశాడు. ఆ తర్వాతే ఎక్కాడు.

తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఇంతకంటే వడిగా పోయేవి వచ్చినాయంట గదా. ఈ పాతవే ఎందుకన్నా?" అని అడిగాడు.

"వాటిలో దుడ్లున్నోడు గెలుస్తాడు. వీటిలో బాగా నడిపినోడు గెలుస్తాడు. ఈరోజు గెలిచినోడు నాకంటే బాగా నడిపినాడు. మళ్లీ ఆదివారం చూస్తా."

నాయన రైల్లో తిరిగొస్తూ, "పడవలన్నీ ఒకటే అయితే ఆయన ఎందుకు ఎనకబడినాడు? మన కుట్టులో ఏమన్నా తప్పుండాదా?" అన్నాడు.

ఊరు చేరాక ఆదివారం ఆదివారం ఆయనకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఓడిపోయానంటే వెంటనే నమ్మేవాడు. గెలిచానంటే మాత్రం, "నిజంగానేనా?" అని ఇంకోసారి అడిగేవాడు.