కళ్యాణదుర్గం డాక్టరు గారి సందేహం

డాక్టర్ ఓబుళేసుకు సందేహం రాని ఉపన్యాసం ఈ భూమ్మీద ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. గుండె జబ్బు మీద మాట్లాడినా, కోరింత దగ్గు మీద మాట్లాడినా, చివరికి వందన సమర్పణ చేస్తున్నా సరే, ఆయన లేచి నిలబడేవాడు. గొంతు సవరించుకునేవాడు. "సార్, నాకు అర్థం కాలేదు" అనేవాడు. ఆ మాట వినగానే హాల్లో సగం మంది నవ్వేవాళ్ళు, మిగిలిన సగం మంది భోజనం చల్లారిపోయిందని నిట్టూర్చేవాళ్ళు.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను అనంతపురంలో ప్రాక్టీసు చేసుకుంటూ మా డాక్టర్ల సంఘానికి కార్యదర్శిగా ఉండేవాణ్ణి. కాలేజీ వదిలాక పుస్తకం ముట్టే తీరిక దొరకని మాబోటి వాళ్ళకు కొత్త మందులూ కొత్త పద్ధతులూ తెలియాలని నెలకొక ఆదివారం సభ పెట్టేవాళ్ళం. బయటి ఊరి నుంచి ఒక నిపుణుడు వచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసిన హాల్లో స్లైడ్లు చూపించేవాడు. రాయదుర్గం, ధర్మవరం, కళ్యాణదుర్గం నుంచి డాక్టర్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో కొందరు స్లైడ్ల వెలుగులో హాయిగా నిద్రపోయేవాళ్ళు కూడా.

కార్యదర్శిగా నావి మూడే బాధ్యతలు. అతిథిని రైలు దించుకోవడం, ప్రొజెక్టరు బల్బు మాడిపోకుండా చూడడం, ఓబుళేసును కూర్చోబెట్టడం. మొదటి రెండూ నాకు బాగానే చేతనయ్యాయి.

ఒకసారి బెంగుళూరు నుంచి గుండె నిపుణుడొకాయన వచ్చి రక్తపోటు గురించి గంటన్నర మాట్లాడాడు. ముగించి, మంచినీళ్ళు తాగి, "సందేహాలేమైనా ఉన్నాయా?" అన్నాడు. అది అనకుండా ఉండమని ముందే చెప్పడం నేను మరిచిపోయాను.

"సార్, నాకు అర్థం కాలేదు. బీపీ కుడి చేతికి చూడల్లా, ఎడం చేతికి చూడల్లా?"

హాలంతా గొల్లుమంది. నిపుణుడు కూడా నవ్వి, "రెండు చేతులకూ చూడండి డాక్టర్, ఎవరొద్దన్నారు?" అన్నాడు.

"రెండిట్లో తేడా వస్తే?"

నిపుణుడి నవ్వు ఆగింది. మళ్ళీ సుద్దముక్క అందుకున్నాడు. ఆ రోజు మేము సాంబారు చల్లగా తాగాం.

ఇంకోసారి కీళ్ళ నొప్పులకు కొత్తగా వచ్చిన మాత్ర గురించి ఒకాయన తెగ పొగిడాడు. ఓబుళేసు లేచాడు.

"సార్, ఆ మాత్ర తిండికి ముందరా, తర్వాతా?"

"తర్వాతే. ఖాళీ కడుపుతో అస్సలు వేసుకోకూడదు."

"మా కాడ కరువు సార్. పగలంతా మట్టి మోసి, రాత్రికి ఏమన్నా దొరికితే తింటారు. అట్లాంటోళ్ళకు ఎప్పుడియ్యల్ల?"

ఉపన్యాసకుడు మందుల కంపెనీ ప్రతినిధి వంక చూశాడు. ప్రతినిధి ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను మాత్రం నిశ్చింతగా తిరిగింది.

"ఈ మనిషి పరీక్షల్లో ఎట్ల గట్టెక్కినాడప్పా!" అని మా అధ్యక్షుడు డాక్టర్ పుల్లన్న నెత్తి కొట్టుకునేవాడు. పుల్లన్నకు సభామర్యాద ప్రాణం. అతిథి మెడలో దండ వంకరగా పడినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ యేడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. చలికాలం చివర్లో మద్రాసు నుంచి ఒక పేరుమోసిన ప్రొఫెసరు మా సభకు రావడానికి ఒప్పుకున్నాడు. తెలుగాయనే. వాంతులు, విరేచనాలకు కొత్త వైద్యం గురించి మాట్లాడతానన్నాడు. పుల్లన్న ఆనందం పట్టలేక, అంతలోనే భయపడి, నన్ను పిలిపించాడు.

"చూడు, ఆయన దేశాలు తిరిగిన మనిషి. ఓబుళేసు నోరు తెరిచినాడంటే మన జిల్లా పరువు పోతాది. ఏం చేస్తావో నాకు తెలీదు."

సభ రోజు ఓబుళేసును గుమ్మంలోనే పట్టుకున్నాను. "తమ్ముడూ, ఈ ఒక్కరోజూ నోరు కట్టేసుకో. నీకు పుణ్యముంటుంది."

"అట్లే అన్నా," అన్నాడు బుద్ధిగా. "అర్థమైతే నేనెందుకు అడుగుతా?"

ప్రొఫెసరు అద్భుతంగా మాట్లాడాడు. స్లైడ్ల నిండా పేగుల లోపలి కణాలు, వాటి మీద బాణాలు, బాణాల పక్కన సోడియం, గ్లూకోజు. ఒకటి వెళ్తే దాని వెంట ఇంకొకటి, ఆ రెంటి వెంట నీళ్ళు. మేమంతా తలలూపాం. ముందు వరుసలో రాయదుర్గం ముత్యాలప్ప గారు అందరికన్నా గంభీరంగా తలూపారు. ఆయన మాలో పెద్దవారు, పాతకాలపు ఎల్.ఎం.పి. డిప్లొమా డాక్టరు. మాలో చాలామంది చదువుకునే రోజుల్లో ఆయన దగ్గరే సూది పట్టడం నేర్చుకున్నాం. విరేచనాలంటే ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. కడుపు మాడ్చడం, సూది వెయ్యడం, ఎండిపోతే సెలైను ఎక్కించడం.

దీపాలు వెలిగాయి. చప్పట్లు మోగాయి. పుల్లన్న దండ పట్టుకుని లేచాడు. ఆయన కన్నా ముందు ఓబుళేసు లేచాడు.

"సార్, నాకు అర్థం కాలేదు."

పుల్లన్న దండతో సహా కూలబడ్డాడు.

"ఏది అర్థం కాలేదు?" అన్నాడు ప్రొఫెసరు.

"మొత్తం సార్. విరేచనాలు అవుతాండే బిడ్డకు ఇంకా నీళ్ళు తాపమంటాండారు. తాపితే ఇంకా ఎక్కువ కావా?"

హాలు నవ్వింది. ప్రొఫెసరు నవ్వలేదు. "కావు. ఉప్పూ చక్కెరా సరిగ్గా కలిస్తే పేగు ఆ నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. ఇప్పటిదాకా నేను చెప్పింది అదే కదా!"

"సరిగ్గా అంటే ఎంత సార్?"

"లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు అంచు వరకే, గోపురం కట్టకూడదు."

"చెంచా అంటే టీ చెంచానా, వడ్డించే గరిటెనా? మా కాడ రెండిటినీ చెంచా అనే అంటారు."

ప్రొఫెసరు కోటు విప్పేశాడు. "మీ వంటవాణ్ణి పిలవండి!" అని అరిచాడు. కొట్టడానికేమోనని నేను హడలిపోయాను. కాదు, ఉప్పు, చక్కెర, కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక బిందె తెమ్మన్నాడు. దేశాలు తిరిగిన ఆ పెద్దమనిషి చొక్కా చేతులు మడిచి, వేదిక మీద మా కళ్ళెదుట ఆ నీళ్ళు కలిపాడు.

"రుచి చూడండి. కన్నీళ్ళ కన్నా ఎక్కువ ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. ఇది కొలత దొరకని చోట కూడా గుర్తుంటుంది."

ఓబుళేసు గ్లాసు ఎత్తి చప్పరించాడు. "బిడ్డ కక్కితే?"

"కాసేపాగి చెంచా చెంచాగా పట్టాలి. ఆపకూడదు. తల్లిపాలు కూడా ఆపకూడదు."

"ఎప్పుడు సెలైను పెట్టల్ల?"

"తాగలేని స్థితిలో ఉంటే. స్పృహ తప్పుతుంటే. అప్పుడు ఆలస్యం చేయకూడదు."

"ఇప్పుడర్థమైంది సార్," అని ఓబుళేసు కూర్చున్నాడు. ఆ తర్వాత డాక్టర్లందరం వరుస కట్టి ఆ నీళ్ళు రుచి చూశాం. ముత్యాలప్ప గారు రెండుసార్లు చూశారు. పుల్లన్న మాత్రం బిందె దగ్గరకు రాలేదు.

వేసవి వచ్చింది. రాయదుర్గం దగ్గర గుమ్మఘట్ట అవతల ఒక పల్లెలో బావులన్నీ ఎండిపోయి, కరువు పనికి వచ్చిన కూలీలందరూ ఒకే గుంటలో నీళ్ళు తాగారు. రెండు మూడు రోజుల్లో ఇంటింటా వాంతులు, విరేచనాలు. నాకు కబురు అందేసరికి జిల్లాలో సెలైను సీసాలకు కటకటగా ఉంది. నాలుగు చోట్ల అడుక్కుని, దొరికినవి జీపులో వేసుకుని, శవాలు చూడాల్సి వస్తుందేమోనని గుండె చిక్కబట్టుకుని బయలుదేరాను.

ఊరి బడి ముందు జీపు ఆగింది. ఏడుపులు వినబడలేదు. కేకలు వినబడ్డాయి.

"అది కన్నీళ్ళ మాదిరి ఉండాదా? సముద్రం మాదిరి ఉండాది! పారబోయ్! మళ్ళా కలుపు!"

ముత్యాలప్ప గారు! పంచె పైకి ఎగగట్టి, బిందెల మధ్య నిలబడి, ఒక్కొక్క బిందె నుంచి చుక్క తీసి నాలుక మీద వేసుకుంటున్నారు. బడి నిండా చాపలు, చాపల మీద పిల్లలు, ప్రతి బిడ్డ పక్కన గిన్నె, చెంచా. అవతల పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. హనుమంతమ్మ అనే ఒక తల్లి ఆయన కాళ్ళకు అడ్డం పడింది.

"సామీ, మా పిల్లోనికి ఒక్క సూది ఎయ్యి సామీ!"

"నలభై ఏండ్లు ఏసినా లేమ్మా సూదులు! ఇప్పుడు ఈ నీళ్ళు తాపు. కక్కితే కక్కనీ, కొంచేపుండి మళ్ళా తాపు. నువ్వు అలిసిపోతే చెప్పు, నేను తాపుతా."

ఆమె తాపింది. సాయంత్రానికి ఆ పిల్లవాడు కళ్ళు తెరిచి, అంబలి కావాలని గోల పెట్టాడు. హనుమంతమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను తెచ్చిన సీసాలు, నీళ్ళు గొంతు దిగని కొద్దిమందికి సరిపోయాయి. ఆ పల్లెలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ముత్యాలప్ప గారు నన్ను కావలించుకుని, "యుద్ధం గెలిచినామప్పా!" అన్నారు. ఆయన గొంతు పూర్తిగా పోయి, ఆ మాట గుసగుసలా వచ్చింది.

తిరుగుదారిలో కళ్యాణదుర్గంలో ఆగాను. ఓబుళేసు వెర్రి ప్రశ్న ఇంతమందిని బతికించిందని ఆయనకు చెప్పి తీరాలనిపించింది. ఆయన పక్కింటికి రోగిని చూడడానికి వెళ్ళాడు. వరండాలో నల్లమ్మ అనే ముసలామె ఒళ్ళో మనవణ్ణి పెట్టుకుని చెంబులో నీళ్ళు చెంచాతో పడుతోంది.

"ఉప్పు, చక్కెర నీళ్ళేనా అవ్వా?"

"అవునప్పా. మా డాక్టరప్ప నీళ్ళు."

"ఈ మధ్యనే మొదలుపెట్టినట్టున్నాడు."

"ఈ మధ్యనా! వీని అన్నకు పోయినేడు ఇవే తాపిచ్చినాడు. దానికి ముందరేడు మా చెల్లెలి కూతురికి. ఈడ ఆడోళ్ళందరికీ వచ్చు."

నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఓబుళేసు రాగానే లేచి చెయ్యి పట్టుకున్నాను.

"నీకు ముందే తెలుసు!"

"ఏందన్నా?"

"ఆ నీళ్ళ సంగతి. తెలిసి ఎందుకడిగినావయ్యా? అందరూ నవ్విరి కదా!"

ఆయన నల్లమ్మ వంక చూశాడు. ఆమె నోరు జారినట్టు అర్థమైంది. మెడ గోక్కున్నాడు.

"ముత్యాలప్ప సారుకు తెలీదన్నా. తలూపుతాండాడు గానీ, కనుబొమ్మలు ముడి పడినాయి. నేను స్లైడ్లు చూడను, మొహాలు చూస్తా. సూది పట్టుకోను నేర్పిన మనిషికి నేను పోయి చెప్తే బాగుంటాదా? ఆయన లేసి నాకు తెలీదంటే రాయదుర్గంలో తలెత్తుకోగలడా? నాకైతే ఏం నష్టం? తిక్కోడని ఎప్పుడో పేరొచ్చింది."

"అయితే ఆ బీపీ ప్రశ్న..."

"అది పుల్లన్న సారుది. ఆయనకు చెప్పొద్దన్నా, ఆ పూట అన్నం తినడు."

ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాకే నన్ను జీపెక్కనిచ్చాడు.

ఆ తర్వాతి సభ చక్కెర జబ్బు మీద. ఉపన్యాసం అయింది, దీపాలు వెలిగాయి. అందరం ఓబుళేసు వైపు తిరిగాం. లేచింది ఓబుళేసు కాదు. ముందు వరుసలో ముత్యాలప్ప గారు కండువా సర్దుకుంటూ నిలబడ్డారు.

"నాకు అర్థం కాలేదు," అన్నారు, హాలు అదిరేట్టు. "నిన్నటిదాకా నాకు తెలీనిది ఒకటి తెలుసుకుంటే ఒక ఊరు బతికింది. ఇంక నాకు సిగ్గు లేదు. మొదట్నుంచీ చెప్పండి."

ఆయన కూర్చోకముందే ధర్మవరం డాక్టరు లేచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. మూలనుంచి ఒక కుర్రడాక్టరు. అందరికన్నా చివర, దండ పక్కన పెట్టి, మా అధ్యక్షుడు పుల్లన్న. అతిథి ముఖం వెలిగిపోయింది. ఆ రోజు మధ్యాహ్న భోజనం సాయంత్రం టిఫిన్ల వేళకు తిన్నాం, ఎవరూ గొణగలేదు.

ఓబుళేసు ఒక్కడే ముఖం మాడ్చుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ఏముండాదన్నా! పొద్దున్నుంచీ నిజంగానే నాకొక సందేహం ఉండాది. ఒక్కరన్నా నన్ను లేవనిచ్చిరా?"