గుసగుసల ఉపవాసం

నేను పాఠాలు చెప్పే స్టూడియో కింది అంతస్తులో ఒక మెస్సు ఉంది. పదకొండయ్యేసరికి వాళ్ళు పచ్చళ్ళ కోసం ఎండుమిరపకాయలు వేయిస్తారు. అద్దాల గది తలుపు ఎంత బిగించినా ఆ ఘాటు ఏ సందులోంచో దూరి లోపలికి వస్తుంది, డబ్బింగ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు మైకు వదిలేసి దగ్గుతూ, నవ్వుతూ వరండాలోకి పరుగెత్తుతారు. నాకు దగ్గు రాదు. "మేడమ్‌ది గుంటూరు గొంతు" అని వాళ్ళు వేళాకోళం చేస్తే నేనూ నవ్వుతాను గాని, ఆ వాసన తగిలిన రోజు నాకు అన్నం సయించదు.

గుంటూరు దగ్గర నల్లపాడుకి కాస్త ఎడంగా ఉండేది మా ఊరు. సంవత్సరంలో సగం రోజులు తెల్లగానూ సగం రోజులు ఎర్రగానూ ఉండేదని చెప్పొచ్చు. చలికాలం మొదట్లో ఎటు చూసినా పగిలిన పత్తికాయలు, జడల్లోనూ సాంబారు గిన్నెల్లోనూ కూడా ఎగిరిపడే పింజలు. అవి పోయి పత్తికట్టె పొయ్యిల్లోకి చేరేసరికి మిరపకాయలు కళ్ళాల మీదికి వచ్చేవి. ఎండ ముదిరేకొద్దీ ఊరంతా ఒకే తుమ్ము తుమ్మేది. మా నాన్న నాకు మూడేళ్ళప్పుడే పోయాడు. అమ్మ ఊరి చివర గోడౌనులో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. వెళ్ళేముందు చేతులకి ఆముదం రాసుకుని, ముక్కుకీ నోటికీ పాతచీర పీలిక కట్టుకునేది. సాయంత్రం వచ్చాక మజ్జిగతో ఎంత కడుక్కున్నా మంట పోదని, ఆ నెలల్లో నన్ను చేత్తో ముట్టుకునేది కాదు. అన్నం గరిటెతో కలిపి పెట్టేది, జడ మస్తాన్‌బీ పిన్ని చేత వేయించేది. ఆవిడ కూడా గోడౌనులో అమ్మ పక్కనే కూర్చుని తొడిమలు తీసేది.

అమ్మ పేరు కరుణమ్మ. చదివింది అయిదో తరగతే అయినా ఆదివారం గుడిలో ఆమె బైబిలు చదువుతుంటే వెనక వరసల్లో చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా జోకొట్టడం మానేసేవారు. ఆ గొంతుని పట్టుకున్నది దేవసహాయం మాస్టారు. ఆయన బడిపంతులు, సెలవుల్లో భక్తి నాటకాలు రాసి క్యాసెట్లుగా రికార్డు చేయించేవారు. తన ఇంటి వెనక గదికి గోడల పొడుగునా పత్తి కూరిన గోనెసంచులు నిలబెట్టి, తలుపుకి బొంతలు వేలాడదీసి, కోళ్ళ కూతలూ కుక్కల అరుపులూ రాకుండా చేసుకున్నారు. అక్కడే అమ్మకి పాఠాలు. నోటి ముందు కొవ్వొత్తి పట్టుకుని, మంట కదలకుండా 'పరలోకం', 'పాపం', 'ఫలం' అనిపించేవారు. నేల మీద పడుకోబెట్టి పొట్ట మీద కీర్తనల పుస్తకం పెట్టి, అది పైకి లేచేలా ఊపిరి తియ్యమనేవారు. మైకుకి జానెడు దూరంలో ఉండాలనీ, మొహం నవ్వకపోతే మాట నవ్వదనీ, ఏడుపు మాట చెప్పేటప్పుడు నిజంగా ఏడిస్తే ముక్కు తప్ప ఏమీ వినబడదనీ చెప్పేవారు. నేను సంచుల మీద కూర్చుని అన్నీ వింటూ, అమ్మ మాటలన్నీ కంఠతా పట్టేసేదాన్ని. ఈరోజు నేను జీతం తీసుకుని చెప్పే పాఠాల్లో సగం ఆ గదివే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పత్తి ఆఖరి తీతల్లో, మాస్టారు ఒక కబురు తెచ్చారు. బెజవాడలో రికార్డింగు థియేటరు నడిపే ఒకాయన ఈస్టర్ మర్నాడు సోమవారం వచ్చి అమ్మ గొంతు వింటాడట. నచ్చితే నాటకాలకీ డబ్బింగు సినిమాలకీ ఏడాది పొడుగునా పని. అంటే ఇంక తొడిమలు తియ్యక్కర్లేదు. ఆ రాత్రి అమ్మ తన రెండు చేతులూ దీపం దగ్గర పెట్టి, తిప్పి తిప్పి చూసుకుంది.

కాని ఈస్టరుకి ముందే మిరప వస్తుంది. పని మానేస్తే తిండి లేదు, చేస్తే ఆ దుమ్ములో గొంతు నిలవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏంచేయాలో మాస్టారికీ తోచలేదు. భస్మ బుధవారం వచ్చింది. ఆ రోజు నుంచి ఈస్టరు దాకా మా వాళ్ళకి శ్రమదినాలు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమకిష్టమైనది ఒకటి మానుకుంటారు: ఒకరు మాంసం, ఒకరు కాఫీ, చుట్టలు మానిన మగవాళ్ళయితే నలభై రోజులూ పెళ్ళాల మీద విరుచుకుపడుతూనే ఉండేవారు. గుడి మెట్ల మీద మాస్టారి మొహం ఉన్నట్టుండి వెలిగింది.

"కరుణమ్మా, నువ్వు గొంతు మానుకో. గట్టిగా ఒక్క మాట వద్దు, అన్నీ గుసగుసగానే. దేవుడికి ఉపవాసం, గొంతుకి విశ్రాంతి" అన్నారు.

ఎంత బాగుందో ఆ మాట! మాకందరికీ బాగుంది. పాస్టరు గారు కూడా మెచ్చుకున్నారు. కాపలాకి నన్ను పెట్టారు.

నాకంటే కఠినమైన కాపలాదారు ఆ ఊళ్ళో పుట్టలేదు. కంచం, చెంచా పట్టుకుని అమ్మ వెంట తిరిగేదాన్ని. మాట కాస్త పైకి లేచిందా, కంచం మీద టంగుమని కొట్టేదాన్ని. కోడిని అదిలించినా కొట్టాను. గోడ అవతల నుంచి ఎవరో పిలిస్తే "ఆఁ" అన్నందుకూ కొట్టాను. "ఒసే, నీకు పోలీసుద్యోగం ఇప్పించాలే" అని మస్తాన్‌బీ పిన్ని పొట్ట పట్టుకుని నవ్వేది. అమ్మ కూడా భుజాలు కదిలేలా నవ్వేది, చప్పుడు లేకుండా.

రెండో వారానికి గోడౌను నిండా కాయ వచ్చింది. ఆ ట్రాక్టర్ల హోరులో గుసగుస వినబడాలంటే బలంగా చెప్పాలి. అమ్మ మెడ నరాలు ఉబ్బేవి. మూడో వారంలో మాటకీ మాటకీ మధ్య మంచినీళ్ళు తాగడం మొదలెట్టింది. నాలుగో వారంలో, గిన్నెలు తోముతూ ఎప్పుడూ తీసే కూనిరాగం ఆగిపోయింది. నేను ఆపమని చెప్పలేదు, కంచమూ కొట్టలేదు, అదే ఆగిపోయింది. ఇల్లు రోజురోజుకీ నిశ్శబ్దమవుతుంటే నా కాపలా ఫలిస్తోందని పొంగిపోయాను. ఒక మధ్యాహ్నం ఆమె దగ్గి, కొంగు చూసుకుని, గబుక్కున మడిచి లోపల దోపుకుంది. అదేమిటని నేను అడగలేదు.

ఈస్టరు ఇంక వారముందనగా, మట్టలాదివారానికి ముందు రోజు బడి లేదు. గోడౌను ఆవరణలో పిల్లలం దాగుడుమూతలు ఆడుతున్నాం. నేను మిరప బస్తాల పక్కన చాటుగా, గోడకి ఆనుకుని గొంతుక్కూర్చున్నాను, దొరకనని గర్వంగా. ఖాళీ ట్రక్కు తగిలించిన ట్రాక్టరు ఒకటి బస్తాలెత్తుకోవడానికి వెనక్కి వస్తోంది. డ్రైవరుకి నేను కనబడను. ట్రాక్టరు చప్పుడు నాకు మామూలే కాబట్టి నేను తల తిప్పలేదు. ఎదురుగా, ఎర్రటి కుప్పల మధ్య కూర్చున్న అమ్మనే చూస్తున్నాను. అమ్మ లేచి నిలబడింది. మూతికి కట్టుకున్న పీలిక లాగేసుకుంది. నోరు తెరిచింది, గుక్కపట్టిన పసిబిడ్డలా పూర్తిగా తెరిచింది. ఏమీ వినబడలేదు. ఆమె పరుగు మొదలుపెట్టేలోపే, అప్పుడే బస్తాల దగ్గరికి వచ్చిన మస్తాన్‌బీ పిన్ని నా జడ పట్టి ఈడ్చింది. ట్రక్కు వెనక చెక్క నేను కూర్చున్న చోట గోడని తాకి ఆగింది.

అప్పుడు నేనన్న మాట ఇది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

"అమ్మా! అప్పుడు కూడా ఉపవాసం తప్పలేదే నువ్వు!"

మెచ్చుకోలుగానే అన్నాను. అమ్మ నన్ను గట్టిగా వాటేసుకుని, ఆ చేతులతోనే మొహమంతా తడిమింది. కళ్ళు, పెదాలు, చెవులు భగ్గుమన్నాయి. నా ఏడుపు చూసి ఆడవాళ్ళందరూ పిల్ల జడుసుకుందన్నారు.

గుడ్ ఫ్రైడే నాడు గుడిలో అమ్మ బైబిలు చదవలేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి అందరూ పాడుతుంటే ఆమె పెదాలు కదిలాయి, అంతే. ఇంకా ఉపవాసంలోనే ఉందనుకున్నాం, లేదా అలా అనుకోవడమే మాకు సుఖంగా ఉంది. సోమవారం బెజవాడ ఆయన వచ్చాడు. పత్తి సంచుల గదిలో మైకుకి జానెడు దూరంలో నిలబడి అమ్మ మొదటి మాట చెప్పింది. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు వచ్చింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి అదీ రాలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక, సంచుల మీద నుంచి ఆ మాట నేను అందించాను, కొసదాకా, ఎక్కడ ఊపిరి తియ్యాలో అక్కడ తీస్తూ. బెజవాడ ఆయన నా వైపు తిరిగాడు. "ఏదీ, ఆ పాప చేత చెప్పించండి" అన్నాడు.

అలా మొదలైంది నా ఉద్యోగం.

పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, దుమ్ము వల్ల అన్నాడు, గొంతు మీద ఒత్తిడి వల్ల అన్నాడు, ఆలస్యంగా తెచ్చారన్నాడు. దుమ్ము అన్న మాటే మేం ఇంటికి తెచ్చుకున్నాం. రెండో మాట నాకు ఇరవై రెండేళ్ళప్పుడు హైదరాబాదులో ఒక శిక్షణ తరగతిలో అర్థమైంది. "గొంతు అలిసిపోతే నోరు మూసుకుని ఊరుకోండి. గుసగుసలు మాత్రం వద్దు, బలవంతాన గుసగుసలాడితే గొంతు ఇంకా చెడుతుంది" అని చెప్పారు అక్కడి టీచరు. అందరూ రాసుకున్నారు. నేను లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కంచే చేను మేయడమంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మాస్టారు అప్పటికే పోయారు. ఆయన ఉన్నా అడిగేదాన్ని కాదు. అమ్మ బాగు కోరినవాళ్ళలో ఆయన తరవాతే ఎవరైనా.

ఇప్పుడా గోడౌను లేదు, ఆ చోట ప్లాట్లు వేశారు. పత్తి సంచుల గది కూలిపోయింది. అమ్మ గొంతున్న క్యాసెట్లు బూజు పట్టి ఒక్కటీ మిగల్లేదు, ఆమె ఎలా చదివేదో చెప్పగలిగిన మస్తాన్‌బీ పిన్నీ లేదు. నా పిల్లలకి తెలిసిన అమ్మమ్మ గొంతు ఆ ఎండుటాకుల చప్పుడే. వాళ్ళ లెక్కన ఆమె పుట్టినప్పటినుంచీ అంతే.

పోయిన నెల అమ్మకి జ్వరం వస్తే వెళ్ళి నాలుగు రోజులున్నాను. మంచం పక్కన కూర్చుని, ఇరవై ఏళ్ళకు పైగా దాచుకున్నదంతా చెప్పేశాను. విశ్రాంతి అనుకున్నది విషమైందనీ, కంచం కొట్టి కొట్టి ఆ గొంతు తీసింది నేనేననీ. అమ్మ విని, ఈగని తోలినట్టు చెయ్యి ఊపింది. తనకి కావలసింది అది కాదన్నట్టు నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది. చెవి ఆమె నోటికి ఆనిస్తే గాని వినబడలేదు.

"ఆ ట్రాక్టరప్పుడు... ఉపవాసం కాదే, బుజ్జీ" అంది. ఊపిరి తీసుకుంది. "అరిచాను. ఇన్నేళ్ళూ నేను అరవలేదనే అనుకుంటున్నావా? అరిచానే."