చెత్త అనుకున్న అక్షరాలు

పెద్దమ్మ చెప్పిన సాక్ష్యాన్ని ఒక్క బటన్ నొక్కి నేనే తుడిచేశాను. అప్పుడు నాకు పదేళ్లు. ఈమధ్య ఫోన్‌లో ఒక తెలుగు మెసేజ్ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అది గుర్తొచ్చింది.

నరసరావుపేటలో మా ఇంటి కంప్యూటర్‌లో, నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలో పిచ్చి గుర్తులు వచ్చేవి. వాటిని ఏరేసే చిన్న ప్రోగ్రాం నాన్న నాకు నేర్పాడు.

ఊరి గొడవల్లో పెదనాన్నను చంపినవాళ్లను పెద్దమ్మ చూసింది. పేర్లు వింటే మావాళ్లు కత్తులు తీస్తారని ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో ముక్కూమొహం తెలియని డీటీపీ అతనికి చెప్పి టైపు చేయించింది. వకీలుకు ఇమ్మని నాన్నకు మెయిల్ పెట్టించి, అక్కడ కాపీ లేకుండా చెరిపించింది. నాన్న ఫైలు దించుకుని, ఆమె చెప్పినట్టే మెయిల్ కూడా తీసేశాడు.

మా కంప్యూటర్‌లో ఆ తెలుగు ఫాంటు లేక అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపించాయి. నాన్న దానికోసం బజారుకెళ్లి వచ్చేసరికి ఫైలు ఖాళీ.

"ఏందే ఇది?"

"చెత్త చానా ఉంది నాన్నా. అంతా తీసేశా."

నాన్న బతిమాలితే పెద్దమ్మ ఒకటే అంది: "మళ్లీ నావల్ల కాదు. నన్నడగమాక అబ్బాయ్."

కేసు కొట్టేశారు. పెద్దమ్మా పోయింది. ఊళ్లో ఎవరింట పెళ్లయినా వెళ్లి భోంచేసి వస్తున్నాం. వాళ్లలో పెదనాన్నను చంపిందెవరో మాకిప్పటికీ తెలియదు.