పరిగిలో తెల్లగూళ్ళ తగాదా

1961 జూన్‌లో నన్ను పట్టు పరిశ్రమ శాఖ డిమాన్‌స్ట్రేటరుగా హిందూపురం వేశారు. పైన ఇన్‌స్పెక్టరు, కింద ఫీల్డ్‌మన్, మధ్యన నేను. పట్టు సీతాకోకచిలుకల చేత గుడ్లు పెట్టించే మా కేంద్రాన్ని గ్రెయినేజి అనేవాళ్ళం. అక్కడ గుడ్లు పెట్టించిన కాగితాలు రైతులకు పంచడం, పురుగులు గూళ్ళు కట్టేదాకా వారానికోసారి చూసి రావడం నా పని. పరిగి వైపు ఊళ్ళన్నీ సైకిలు మీదే తిరిగేవాణ్ణి.

మేమిచ్చేవి సంకర గుడ్లు. తల్లి పసుపు గూళ్ళు కట్టే మైసూరు జాతి, తండ్రి తెల్లగూళ్ళు కట్టే మరో జాతి. వాటి పిల్లలన్నీ పసుపు గూళ్ళే కడతాయి. ఆ గూళ్ళలోంచి మళ్ళీ విత్తనం ఉంచుకోవద్దని రైతులకు చెప్పేవాణ్ణి. ఎందుకో నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

మరుసటి ఏడు పరిగి దగ్గర ఆదెప్ప అనే రైతు ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో పెద్ద గొడవ. ఆదెప్ప, అతని అన్న నరసప్ప ఒకే కొట్టంలో మధ్యన తడిక కట్టుకుని చెరో పక్క పురుగులు పెంచేవారు. ఆ రోజు ఆదెప్ప చంద్రికల మీద, అంటే పురుగులు గూళ్ళు కట్టే వెదురు చట్రాల మీద, పసుపు నడుమ తెల్లగూళ్ళు కనిపించాయి. కలగలుపు సరుకైతే గూళ్ళ నుంచి పట్టు తీసి ధర్మవరానికి పంపే రీలర్లు ధర తగ్గిస్తారు.

"మాయన్న పనే సార్ ఇది. తడిక సందున తెల్లగూళ్ళ పురుగులు నా తట్టల్లోకి యేసినాడు," అన్నాడు ఆదెప్ప.

"నాకాడ తెల్లవి యాడుండాయప్పా? వచ్చి చూసుకో. రేపే తడిక పీకేసి గోడ పెట్టిస్తా," అని నరసప్ప కేకలేశాడు.

వెళ్ళి చూశాను. నరసప్పవి అన్నీ పసుపే. తిరిగొచ్చి ఆదెప్ప చంద్రిక ఒకదాని మీది గూళ్ళు లెక్కపెట్టాను. ఇంచుమించు మూడు పసుపుకు ఒక తెలుపు. నవ్వు ఆపుకుని, ఈ పంటకు గుడ్లు ఎక్కడివని అడిగాను. అతని భార్య గంగమ్మే ఒప్పుకుంది.

"పోయిన పంటలో మంచి గూళ్ళు ఏరి పెట్టుకున్యాం సార్. గుడ్లు మేమే పెట్టించుకున్యాం."

సంకర పురుగు పసుపు గూడు కట్టినా దానిలో తండ్రి తెలుపు అణిగి ఉంటుందనీ, అలాంటివి రెండు జతకడితే నాలుగింట ఒక పిల్లకు రెండు వైపులా తెలుపే వచ్చి బయటపడుతుందనీ చెప్పాను. ఆదెప్ప నమ్మలేదు.

"కంటికి కనపడకుండా యాడ దాక్కునింటాది సార్?"

అరుగు మీద ఆకూవక్కా నములుతున్న అతని తల్లి అందుకుంది. "మా నాయనవి పిల్లికండ్లు. నాకు రాలేదు, మీ ఇద్దరికీ రాలేదు. నీ బిడ్డకు వచ్చినాయి కదరా. అన్నేండ్లు అవి యాడ దాక్కున్యాయో చెప్పు!"

గంగమ్మ ఆమె తమ్ముడి కూతురే. పిల్లికళ్ళ తాత భార్యాభర్తలిద్దరికీ ఒకడే కనుక బిడ్డకు రెండు వైపులా అదే వచ్చింది. నా పాఠంలోని ముఖ్యమైన ముక్క ఆ ముసలమ్మ నాకంటే బాగా చెప్పింది. వాకిట్లో అందరూ నవ్వారు, ఆదెప్ప కూడా.

"తప్పు నాదేలేన్నా," అన్నాడు అన్నతో. నరసప్ప వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని గూళ్ళు ఏరసాగాడు. సాయంత్రానికి పసుపు ఒక రాశి, తెలుపు ఒక రాశి అయ్యాయి. విడివిడిగా అమ్మితే పెద్దగా నష్టం రాలేదు.

ఆ ఏటి నుంచి గుడ్ల కాగితం ఇచ్చేటప్పుడు, విత్తనం ఉంచుకోవద్దన్న మాటతో పాటు కారణమూ చెప్పేవాణ్ణి. అందుకు పట్టేది రెండు నిమిషాలు. మొదటే చెప్పి ఉంటే అన్నదమ్ములు వాకిట్లో తిట్టుకునే పని ఉండేది కాదు.