అద్దం మెరుపు

బేకరీ పెద్దాయన చేతుల పిండి శుభ్రంగా కడుక్కుని గానీ తను దాచుకున్న పాత వెండి నాణేన్ని ముట్టడు. అదీ అంచులు పట్టుకుని, ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకుని. భార్య ఉన్నన్నాళ్లూ "దాని జోలికి రాకే!" అని కసిరేవాడు. ఆవిడ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. నాణేల నాణ్యత తేల్చేవాళ్ల చేత దానికి అద్దం మెరుపు అనే పై గ్రేడు వేయించాలన్న ఆశొక్కటే మిగిలింది.

గ్రేడు వేసే అమ్మాయి భూతద్దంలో చూసి పెదవి విరిచింది.

"రాదు బాబాయ్. ఎవరో గుడ్డతో తుడిచారు. గుండ్రంగా సన్నటి గీతలు పడ్డాయి."

"నేను చచ్చినా తుడవను! ఇంట్లో ఉండేదే మేమిద్దరం..." అంటూ ఆగిపోయాడు.

"అయితే పిన్నిగారే! మెరిపిద్దామనుకుంది కాబోలు" అని ఆ అమ్మాయి నవ్వింది.

పెద్దాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఆ భూతద్దం ఇటివ్వమ్మా. ఆ గీతలు నన్నూ చూడనీ."